డిస్కు మూలుగుతోందా చెల్లీ?

చెల్లీ, ఈసారి పచ్చళ్ళూ పిల్లల పరీక్షలూ పక్కన పెట్టి మన లాప్‌టాప్‌ల సంగతి మాట్లాడుకుందాం. ఈ మధ్య ఎవరితో కూర్చున్నా ఒకటే మాట వినబడుతోంది. "అక్కా, ఫొటోల ఫోల్డర్ తెరిస్తే గిర్రున తిరుగుతూ ఉండిపోతోంది. తమ్ముడు లినక్స్ వేసిచ్చి వెళ్ళాడు. ఏదైనా అయితే ఎవర్ని అడగాలో తెలియదు" అని. విండోస్ బరువు మోయలేని పాత లాప్‌టాప్‌లో ఉబుంటునో లినక్స్ మింటునో వేయించుకుని హాయిగా వాడుకుంటున్న ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. ఆ లాప్‌టాప్‌ల లోపల ఉండేది ఎక్కువగా గుండ్రంగా తిరిగే పాత రకం హార్డ్ డిస్కే. దానికీ వయసు మీదపడుతుంది.

నేను ఇంత పట్టుబట్టి ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం, ఆ డిస్కులో ఏముంటుందో నాకు తెలుసు. పెళ్ళి వీడియో, పురిటి గదిలో తీసిన ఫొటోలు, పోయిన నాన్న గొంతు, పొలం కాగితాల స్కాన్లు, ఎవరికీ చూపించకుండా రాసుకున్న డైరీ. అంతా మూటగట్టి రిపేరు షాపు బల్ల మీద పెట్టి, "సాయంత్రం రండి మేడమ్" అంటే తలూపి వచ్చేస్తాం. మా బంధువులావిడ అలాగే ఇచ్చొస్తే, అడగకుండానే ఫార్మాట్ చేసేసి "ఇప్పుడు చూడండి ఎంత స్పీడో" అని చేతికిచ్చారట. కూతురి చిన్నతనమంతా అందులోనే పోయింది. ఆవిడ ఏడుపు నేను చూశాను. డిస్కు బాగుందో లేదో తెలుసుకోవడానికి మన బతుకంతా పరాయి చేతుల్లో పెట్టనక్కర్లేదమ్మా. ఆ పరీక్షకు కావలసినవన్నీ లినక్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నువ్వే చేసుకోగలవు. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసుండాలి. అక్కడ తప్పితే పరీక్షే డిస్కు ప్రాణం తీస్తుంది.

ముందు చెవి పెట్టి విను. డిస్కు లోపలి పళ్ళెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతూ ఉంటుంది. చదివే హెడ్ దాన్ని తాకదు, కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. లాప్‌టాప్ కింద పడితేనో, హెడ్ అరిగిపోతేనో ఆ కాస్త సందు ఉండదు. అప్పుడు "టక్... టక్... టక్..." అని ఒకే లయలో శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినబడితే వెంటనే ఆపేయి. మళ్ళీ ఆన్ చేసి చూద్దామనుకోకు. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎవరో ఒకరు చెబుతారు, వినకు, లోపల చెమ్మ పడుతుంది. మూత విప్పనివ్వకు, దుమ్ము కణం ఒక్కటి చాలు పళ్ళెం గీసుకుపోవడానికి. అలాంటి డిస్కు తెరవాల్సింది దుమ్ము లేని గది ఉన్న డేటా రికవరీ ల్యాబులోనే. డబ్బు బాగా అవుతుంది. అందులో ఉన్నది అంత విలువైనదా కాదా అన్నది నువ్వే తేల్చుకోవాలి. ఇకమీద నేను చెప్పబోయే పరీక్షలేవీ ఆ డిస్కుకు పనికిరావు.

శబ్దమేమీ లేకుండా నెమ్మదించిందంతేనా? అయితే మొదటి పని కాపీ. పరీక్ష కన్నా ముందు కాపీ. ఎందుకంటున్నానంటే, పూర్తి పరీక్ష అంటే డిస్కును ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివించడం, అదీ గంటల తరబడి. ఓపిక అయిపోతున్న డిస్కుకు మిగిలిన కాస్త సత్తువ ఆ పరీక్షలోనే ఖర్చయిపోతే ఫొటోలు తీసుకోవడానికేం మిగలదు. ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి, మళ్ళీ సంపాదించుకోలేనివి ముందు తీసుకో. నాన్న గొంతు, పిల్లల ఫొటోలు, కాగితాలు. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాల సంగతి ఆఖర్న చూద్దువుగాని. కాపీ మధ్యలో ఒక ఫైల్ దగ్గర ఆగిపోయిందనుకో, దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్ళు. ఆ ఒక్కదాని కోసం పదేపదే ప్రయత్నించొద్దు.

కాపీ అయ్యాక ఊపిరి పీల్చుకుని అసలు విషయానికి వద్దాం. "డిస్కులో ఎర్రర్లు" అని అందరం ఒకే మాట అనేస్తాం గానీ అవి రెండు రకాలు. పుస్తకంలో విషయసూచిక తప్పుల తడకగా ఉండటం వేరు, పేజీలే చెదపట్టడం వేరు. కరెంటు పోయి లాప్‌టాప్ ఠక్కున ఆగిపోతే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న లెక్క తారుమారవుతుంది. దాన్ని ఫైల్ సిస్టమ్ ఎర్రర్ అంటారు, సరిచేసుకోవచ్చు. పళ్ళెం మీద చోటే పాడైతే అది బ్యాడ్ సెక్టార్, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కొత్తది చేయలేదు. ఈ రెండిటికీ వాడే పనిముట్లు వేరు. మొదటి దానికి వాడాల్సింది రెండో దాని మీద వాడటం వల్లే చాలామంది ఫైళ్ళు పోగొట్టుకుంటున్నారు. అందుకే పళ్ళెం బాగుందని తేలాకే లెక్కలు సరిచేయడానికి కూర్చోవాలి.

పళ్ళెం సంగతి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ముందే చెబుతూ ఉంటుంది, మనం చూడమంతే. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి సుడో అని కొట్టి, ఖాళీ వదిలి, డి ఎం ఇ ఎస్ జి అని ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో కొట్టు. చాంతాడంత రాత వస్తుంది, భయపడకు. అందులో "ఐ/ఓ ఎర్రర్" అనీ, పక్కనే ఎస్‌డీఏ లాంటి డిస్కు పేరూ, ఒక సెక్టార్ నంబరూ కనబడుతున్నాయేమో వెతుకు. ఉన్నాయంటే డిస్కు ఆ చోటు చదవలేక చేతులెత్తేసిందన్నమాట. ఫోల్డర్ తెరుచుకోవడానికి అంతసేపు ఎందుకు పడుతోందో కూడా తెలిసిపోతుంది. డిస్కు ఆ ఒక్క చోటనే మళ్ళీ మళ్ళీ చదవబోతూ ఉంటుంది.

ఇప్పుడు డిస్కునే అడుగుదాం. 1990ల నుంచీ హార్డ్ డిస్కుల లోపల స్మార్ట్ అనే ఏర్పాటు ఉంటోంది. డిస్కు తన గురించి తానే లెక్కలు రాసుకుంటుంది, ఎన్ని గంటలు నడిచింది, ఎంత వేడెక్కింది, ఎన్ని చోట్లు పాడయ్యాయి అని. టెర్మినల్ అంటే బెరుకైతే మెనూలో డిస్క్స్ అనే అప్లికేషన్ తెరువు. ఉబుంటులోనూ మింట్‌లోనూ ఉంటుంది. ఎడమవైపు నీ డిస్కు ఎంచుకుని, పైన ఉన్న మెనూలో స్మార్ట్ డేటా అండ్ సెల్ఫ్ టెస్ట్స్ అన్నది నొక్కితే పట్టిక మొత్తం వస్తుంది. టెర్మినల్లో చేస్తానంటే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొడితే డిస్కుల పేర్లు కనబడతాయి. ఎస్‌డీఏ అన్నది మొత్తం డిస్కు, ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 దాంట్లో భాగాలు. ఆ తర్వాత సుడో స్మార్ట్‌సీటీఎల్, హైఫన్ ఎ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ. అంతే. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్కు ఒక్కోసారి జవాబివ్వదు. అప్పుడు మధ్యలో హైఫన్ డి, ఎస్ ఏ టి అని చేరిస్తే చాలా పెట్టెలు మాట వింటాయి.

ఈ స్మార్ట్‌మాన్‌టూల్స్ పుట్టుక తలుచుకుంటే నాకు భలే ముచ్చటేస్తుంది. 2002లో అమెరికాలోని విస్కాన్సిన్ మిల్వాకీ యూనివర్సిటీలో బ్రూస్ అలెన్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని మొదలుపెట్టారు. ఆయన బృందం వెతుకుతున్నది గురుత్వ తరంగాల కోసం. లైగో పరిశోధన కేంద్రాల నుంచి వచ్చే డేటాను జల్లెడ పట్టడానికి మామూలు పీసీలను వరసగా కలిపి నడిపేవారు. అన్ని పీసీల్లో అన్ని డిస్కులు, ఏదో ఒకటి చెప్పకుండా పోతూనే ఉంటుంది కదా! ముందే తెలుసుకునే దారి కావాలని ఈ పనిముట్టు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2015లో లైగో ఆ తరంగాలను పట్టుకుంది. ఆ శాస్త్రవేత్త తన డేటా కోసం చేసుకున్న జాగ్రత్తే ఇవాళ నీ కూతురి ఫొటోలనీ కాస్తోంది.

పట్టికలో వరసలు చాలా ఉంటాయి. అన్నీ పట్టించుకోనక్కర్లేదు. కొన్ని మాత్రం నోట్‌బుక్కులో తేదీ వేసి రాసుకో.

5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు. ఒక చోటు పాడైతే డిస్కు దాన్ని మూసేసి, ముందే దాచి ఉంచుకున్న చోట్లలో ఒకదాన్ని దాని బదులు వాడుకుంటుంది. అలా ఎన్నిసార్లు జరిగిందో ఈ అంకె చెబుతుంది. 197వది కరెంట్ పెండింగ్ సెక్టార్లు. డిస్కు చదవలేకపోయిన చోట్లు ఇవి, ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆ చోట మళ్ళీ ఏదైనా రాసినప్పుడు, బాగుంటే పట్టికలోంచి పోతుంది, బాగా లేకపోతే 5వ వరసలోకి వెళుతుంది. మనకు అసలు గుబులు పుట్టించాల్సింది ఈ 197. ఎందుకంటే అక్కడ ఇప్పటికే నీ ఫైల్ ముక్క ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. 198 ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్, 187 రిపోర్టెడ్ అన్‌కరెక్ట్ కూడా ఈ కోవలోవే. ఈ నాలుగిట్లో చివరి నిలువు వరస, రా వాల్యూ అన్నచోట, సున్నాలు ఉంటే మనసు కుదుటపడుతుంది. చిన్న అంకె ఉండి నెలలు గడిచినా అక్కడే ఉంటే కాపీలు సిద్ధంగా పెట్టుకుని వాడుకోవచ్చు. వారం తిరిగేసరికి పెరిగిందా, ఇక దాని మీద ఆశ పెట్టుకోకు.

199 వేరే కథ. ఇది పళ్ళెంది కాదు, తీగది. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య కబురు చెడిపోయినప్పుడల్లా ఇది పెరుగుతుంది. డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ వదులై ఉంటుంది. తీసి గట్టిగా పెట్టినా, కొత్త కేబుల్ వేసినా సరిపోతుంది. తక్కువ ఖర్చుతో అయిపోయే పనికి కొత్త డిస్కు కొనిపించే వాళ్ళుంటారు, అందుకే చెబుతున్నాను. కేబుల్ మార్చాక పాత అంకె తగ్గదు, ఇక పెరగకుండా ఉంటే చాలు.

9వది డిస్కు నడిచిన గంటలు. 20,000 అని ఉంటే రోజుకు 8 గంటల చొప్పున దాదాపు ఏడేళ్ళు పనిచేసినట్టు. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడు "కొత్తదే మేడమ్, పెద్దగా వాడలేదు" అంటే ఈ వరస తీసి చూడు. ఇంకోటి, సీగేట్ డిస్కుల్లో రా రీడ్ ఎర్రర్ రేట్, సీక్ ఎర్రర్ రేట్ దగ్గర కోట్లలో అంకె కనబడి గుండె జారిపోతుంది. అది ఆ కంపెనీ లెక్క రాసుకునే పద్ధతి. ఎర్రర్లూ, మొత్తం చదివిన సార్లూ కలిపి ఒకే అంకెగా రాస్తారు. దాన్ని చూసి కంగారుపడకు.

పట్టిక పైన "పాస్డ్" అని ఉంటుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకమ్మా, నీ చేయి పట్టుకుని చెబుతున్నాను. ఆ మాట కంపెనీ పెట్టుకున్న గీత దాటితేనే మారుతుంది, ఆ గీత చాలా దూరంలో ఉంటుంది. పెండింగ్ సెక్టార్లు పెరుగుతున్న డిస్కులు కూడా పాస్డ్ అనే చెబుతుంటాయి. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక పరిశోధన పత్రం ఇచ్చారు. డిస్కు తనను తాను తనిఖీ చేసుకునేటప్పుడు మొదటి స్కాన్ ఎర్రర్ బయటపడ్డాక, వచ్చే 60 రోజుల్లో అది చెడిపోయే అవకాశం మామూలు డిస్కు కన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ గుర్తుల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. కాబట్టి అంకె చెడ్డగా ఉంటే నమ్ము, మంచిగా ఉంటే సంతోషించు, కాపీ మాత్రం ఎప్పుడూ ఉంచుకో.

కాపీ చేతిలో ఉంది కాబట్టి ఇప్పుడు పరీక్ష పెట్టొచ్చు. షార్ట్ టెస్ట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, పైపైన చూస్తుంది. నాకు నమ్మకమైనది లాంగ్ టెస్ట్, డిస్క్స్ అప్లికేషన్లో దాన్నే ఎక్స్‌టెండెడ్ అంటారు. పళ్ళెం మొత్తం చదువుతుంది. లాప్‌టాప్‌లో ఉండే 1 టీబీ డిస్కుకు రెండు మూడు గంటలు పట్టొచ్చు, పెద్దవాటికి రాత్రంతా. చార్జర్ పెట్టు. నిద్రలోకి జారకుండా సస్పెండ్ ఆపేయి, లేకపోతే పరీక్ష మధ్యలో తెగిపోతుంది. మంచం మీద దుప్పటి మీద పెట్టకు, గాలాడేలా బల్ల మీద పెట్టు. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఈ పని పెట్టుకోవద్దు, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టు. పొద్దున లేచాక స్మార్ట్‌సీటీఎల్‌ను హైఫన్ ఎల్ సెల్ఫ్‌టెస్ట్ అని అడిగితే ఫలితం వస్తుంది. "కంప్లీటెడ్ వితౌట్ ఎర్రర్" అంటే మంచిది. "రీడ్ ఫెయిల్యూర్" అంటే పక్కనే మొదట తప్పిన చోటు నంబరు కూడా ఉంటుంది. గ్యారంటీ ఉన్న డిస్కయితే ఆ పేజీని ప్రింట్ తీసి ఉంచుకో, షాపువాడితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

పళ్ళెం శుభ్రంగా ఉంది, అయినా ఫోల్డర్లు మాయమవుతున్నాయి, లేదా డిస్కు చదవనిస్తుంది గానీ రాయనివ్వడం లేదు. ఇలాంటప్పుడు ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే అనే పనిముట్టు అవసరం. లెక్కల్లో తేడా కనబడితే ఇంకా పాడు కాకుండా లినక్స్ ఆ భాగాన్ని చదవడానికి మాత్రమే వదిలి తాళం వేస్తుంది. ఇక్కడ ఒక్క నియమం చచ్చినా తప్పకూడదు. వాడుకలో ఉన్న భాగం మీద, అంటే మౌంట్ అయి ఉన్నదాని మీద, ఎఫ్ఎస్‌సీకే నడపకూడదు. ఇటు నువ్వు లెక్క దిద్దుతుంటే అటు సిస్టమ్ కొత్త లెక్క రాస్తూ ఉంటుంది, రెండూ కలిసి నాశనమవుతాయి. అది నిన్ను హెచ్చరిస్తుంది కూడా, ఆ హెచ్చరిక వస్తే ఆగిపో. లినక్స్ ఉన్న భాగాన్నే పరీక్షించాలంటే, ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకుంటే ఆ భాగం మౌంట్ కాకుండా దొరుకుతుంది.

మామూలుగా ఉబుంటు, మింట్ వేసేది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. దానికి ఈ2ఎఫ్ఎస్‌సీకే, ముందు హైఫన్ ఎన్ తో నడుపు. ఏమీ మార్చకుండా తప్పులు మాత్రం చెబుతుంది. పేరు చివర అంకె మరిచిపోకు. స్మార్ట్‌కు మొత్తం డిస్కు పేరు, దీనికి భాగం పేరు, ఎస్‌డీఏ2 లాగా. తర్వాత హైఫన్ ఎఫ్ తో అసలు మరమ్మతు. ఒక్కో తప్పుకూ దిద్దమంటావా అని అడుగుతుంది. యజమాని తెలియని ఫైల్ ముక్కలు దొరికితే లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్లో అంకెల పేర్లతో పడేస్తుంది, పోయిన ఫొటోలు అక్కడ తేలడం కూడా ఉంది, చూడకుండా చెరిపేయకు. విండోస్ వాడిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కయితే లినక్స్‌లో తిప్పలు పడకు, విండోస్ ఉన్న కంప్యూటర్‌కు తగిలించి దాని సొంత చెక్‌డిస్క్ నడిపించు.

బ్యాడ్‌బ్లాక్స్ అనే ఇంకో పనిముట్టు గురించి ఎక్కడైనా చదువుతావు. ఊరికే నడిపితే చదివి చూస్తుంది, ఫర్వాలేదు. హైఫన్ డబ్ల్యూ చేర్చావా, డిస్కు మొత్తం తుడిచిపెట్టేస్తుంది. ఎవరో పంపిన కమాండ్‌లో ఆ డబ్ల్యూ ఉందేమో చూడకుండా ఎంటర్ నొక్కొద్దు.

అసలు కష్టం ఎప్పుడంటే, కాపీ తీయకముందే డిస్కు రీడ్ ఫెయిల్యూర్ చూపిస్తున్నప్పుడు. అలాంటి డిస్కు మీద ఎఫ్ఎస్‌సీకే నడపడం పెద్ద ప్రమాదం. చదవలేని చోట ఏమీ లేదనుకుని లెక్కలు కొట్టేస్తుంది. అప్పుడు డీడీరెస్క్యూ వాడాలి. ఉబుంటులో జీడీడీరెస్క్యూ అనే పేరుతో దొరుకుతుంది. పాత డిస్కంత లేదా అంతకన్నా పెద్ద కొత్త డిస్కు పక్కన ఉండాలి. ఇది ముందు సులువుగా వచ్చే చోట్లన్నీ గబగబా కాపీ చేసేసి, మొండికేసిన చోట్లను చివరికి పెట్టుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ మ్యాప్ ఫైల్ కూడా పాత డిస్కులో కాకుండా వేరేచోట ఉంచు. ఏది పాతది, ఏది కొత్తదో పేర్లు రెండుసార్లు సరిచూసుకో, తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నీ ఫొటోల మీద కూర్చుంటుంది. మరమ్మతులన్నీ ఆ తర్వాత కొత్త కాపీ మీదే చేయి, పాతదాన్ని ముట్టుకోకు.

ఎస్ఎస్‌డీ వేయించుకున్నవాళ్ళకు పళ్ళెమూ హెడ్డూ ఉండవు గనక టక్ టక్ ఉండదు, చెప్పకుండా ఒక్కసారిగా పోవడం ఎక్కువ. ఎన్‌వీఎంఈ రకమైతే స్మార్ట్‌సీటీఎల్‌లో పర్సెంటేజ్ యూజ్డ్, అవైలబుల్ స్పేర్ అన్న రెండు వరసలూ చూసుకుంటే సరిపోతుంది.

కొత్త డిస్కు కొన్నావనుకో, బిల్లు జాగ్రత్త చేసి, ఫొటోలు ఎక్కించకముందే ఆ రాత్రే లాంగ్ టెస్ట్ పెట్టు. లోపం ఉంటే మార్చుకునే గడువులోనే బయటపడుతుంది. అలాగే లినక్స్ కొత్తగా వేసేటప్పుడు డిస్కు ఎన్‌క్రిప్ట్ చేయమంటావా అని అడుగుతుంది, అవునను. తర్వాతెప్పుడైనా కీబోర్డు పాడై లాప్‌టాప్ షాపులో వదలాల్సి వచ్చినా, పాస్‌వర్డ్ లేకుండా నీ ఫైళ్ళు ఎవరూ తెరవలేరు. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే నువ్వు కూడా తెరవలేవు, అందుకని కాగితం మీద రాసి బీరువాలో నగల పక్కన పెట్టు. ఇక తీసేసిన పాత డిస్కుని పాత సామాన్ల బండికి వేసేయకు. ఇంకా పనిచేస్తుంటే ష్రెడ్ అనే కమాండ్‌తో మొత్తం చెరిపించు. అసలు పలకకపోతే, లోపలి పళ్ళేనికి డ్రిల్లింగ్ మెషీన్‌తో నీ కళ్ళెదుటే బెజ్జాలు వేయించి, అప్పుడు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వు.